చలికి కారు వణికితే...

డిసెంబరు వచ్చిందంటే చాలు, అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో పొద్దున్నే ఓ తంతు మొదలవుతుంది. తాళం తిప్పగానే కారు స్టార్టవుతుంది. కానీ నిలకడగా ఉండదు. స్టీరింగ్ అదురుతుంది, అద్దాలు గడగడలాడతాయి. యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుంటే తప్ప ఇంజిన్ నిలవదు. రెండు మూడు నిమిషాలు గడిచి వేడెక్కాక మాత్రం ఏమీ ఎరగనట్టు బుద్ధిగా నడుస్తుంది. పదింటికి షెడ్డుకు తీసుకెళ్తే ‘బాగానే ఉంది కదా సార్’ అంటాడు మెకానిక్. లేదంటే ప్లగ్గులు, కాయిల్స్, పెట్రోలు పంపు... ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతాడు. జేబు ఖాళీ అవుతుంది, వణుకు అలాగే ఉంటుంది.

జ్వరం పొద్దున వస్తోందా, సాయంత్రమా అని డాక్టరు అడుగుతాడు కదా. ఇదీ అంతే. చల్లగా ఉన్నప్పుడే వణకడం, వేడెక్కాక తగ్గడం... రోగం పట్టించే ఆనవాలు అదే!

చోక్ పోయి సెన్సర్ వచ్చె...

పెట్రోలు మండాలంటే ముందు ఆవిరవ్వాలి. చల్లటి ఇంజిన్‌లో అది సరిగా ఆవిరవదు, కొంత లోపలి గోడలకే అంటుకుపోతుంది. కాబట్టి మామూలుకంటే ఎక్కువ పెట్రోలు అందించాలి. కార్బొరేటర్ ఉన్న పాత మారుతి 800లు, అంబాసిడర్ల రోజుల్లో ఈ పని డ్రైవరే చేసేవాడు, చోక్ లాగి. ఇంజెక్షన్ ఇంజిన్లు వచ్చాక ఆ బాధ్యత కంప్యూటర్‌ది. ఇంజిన్ ఎంత చల్లగా ఉందో దానికి కబురు చేసేది కూలెంట్ సెన్సర్. ఆ కబురును బట్టి కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది, గాలీ ఎక్కువగా వదులుతుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న కారు కూడా చలిలో నిమిషానికి 1200 నుంచి 1500 చుట్లు తిరిగి, వేడెక్కాక 800 దరిదాపులకు దిగుతుంది. ఇలా కాసేపు గట్టిగా మోగడం జబ్బు కాదు. అదరడమే జబ్బు.

మరి వేడెక్కాక ఎందుకు సర్దుకుంటుంది? పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. పెట్రోలు ఎక్కువైందా, తక్కువైందా అని చెప్పేది అదే. కానీ సుమారు 300 డిగ్రీలకు కాగితే గానీ అది నోరు విప్పదు. అప్పటిదాకా కంప్యూటర్ ముందే రాసిపెట్టుకున్న లెక్కల ప్రకారం గుడ్డిగా నడిపిస్తుంది. సెన్సర్ మేల్కొన్నాక చాలా లోపాలను తనే సరిచేసుకుంటుంది. పదింటికి మెకానిక్‌కు ఏమీ కనిపించకపోవడానికి కారణమిదే. అందుకే కారును ముందురోజు సాయంత్రమే షెడ్డులో వదిలి, పొద్దున మొదటిసారి సెల్ఫ్ కొట్టేది మెకానికే అయ్యేలా చూసుకోవాలి. ఈ ఒక్క పనితో సగం ఖర్చు తప్పుతుంది.

ఎక్కడ మొదలెట్టాలి?

స్టార్ట్ చేయకముందే స్కానర్ తగిలించాలి. రాత్రంతా ఆగి ఉన్న కారులో కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత దాదాపు సమానంగా ఉండాలి. బయట 15 డిగ్రీలుంటే కూలెంట్ సెన్సర్ 60 చూపిస్తోందా? దొంగ దొరికినట్టే! ఇంజిన్ వేడిగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు తగ్గించేస్తోందన్నమాట. సెన్సర్ వైరు కనెక్టరు తుప్పు పట్టినా రీడింగ్ తప్పుగా రావచ్చు. కాబట్టి ముందు దాన్ని చూశాకే కొత్త సెన్సర్ కొనాలి.

అది బాగుంటే తర్వాతి అనుమానం థ్రాటిల్ బాడీ మీద. ఏళ్ల తరబడి పేరుకున్న మసి, గాలి వెళ్లే సన్నటి సందును మూసేస్తుంది. శుభ్రం చేయిస్తే చాలాసార్లు ఇక్కడితో కథ ముగుస్తుంది. అయితే శుభ్రం చేశాక కొన్ని కార్లలో కంప్యూటర్‌కు ఐడిలింగ్ మళ్లీ నేర్పించాలి. అది మరిచిపోతే కారు మునుపటికంటే అధ్వానంగా నడుస్తుంది. పాపం, ఆ తిట్లు మెకానిక్‌కే.

రబ్బరు గొట్టాలది మరో తీరు. పాతబడిన రబ్బరు చలికి బిగుసుకుని, పగుళ్లలోంచి లెక్కలో లేని గాలిని లోపలికి వదులుతుంది. వేడికి మెత్తబడి సర్దుకుంటుంది. ‘స్స్’మనే చప్పుడు వినిపిస్తే అనుమానం అక్కడే. స్ప్రే కొట్టి వెతికే అలవాటుంది గానీ, వేడి ఇంజిన్ మీద అది మంటలకు దారితీస్తుంది. పొగ పంపి చూసే పరీక్ష మేలు.

మిస్‌ఫైర్ కోడ్ వస్తే వెంటనే కాయిల్ కొనక్కర్లేదు. పి0301 అంటే ఒకటో సిలిండర్. దాని కాయిల్ తీసి రెండోదానికి పెట్టాలి. కోడ్ పి0302గా మారితే తప్పు కాయిల్‌దే. మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్ల వైపు చూడాలి. ఇదంతా పెట్రోలు కార్ల మాట. డీజిల్ కార్లలో మొదటి అనుమానం గ్లో ప్లగ్గుల మీద.

ఇంధనం సంగతీ చెప్పుకోవాలి. 2023లో మొదలైన 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2025 కల్లా దేశమంతా పరచుకుంది. ఇథనాల్ ఆవిరి కావడానికి ఎక్కువ వేడి తీసుకుంటుంది. ఎక్కువగా దాని మీదే నడిచే బ్రెజిల్ కార్లలో చలికాలం స్టార్టింగ్ కోసమే చిన్న పెట్రోలు ట్యాంకు విడిగా ఉండేది. లంబసింగి చలిలోనూ మనకు అంత అవసరం రాదు గానీ, లోపమున్న ఇంజిన్‌కు ఇది మరో బరువు.

ఇవి కనిపిస్తే ఆగాల్సిందే

వణుకుతో పాటు సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తూ, కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ కారుతోందేమో చూడాలి. కూలెంట్ రాత్రి సిలిండర్లోకి ఊరితే పొద్దున మిస్సింగ్ వస్తుంది. అలాగే నడిపితే ఇంజిన్ పనికే రావచ్చు. చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటే మండని పెట్రోలు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తోందని అర్థం. వేల రూపాయల సామాను అది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంట్లోవాళ్లందరికీ తెలియాలి. చల్లటి ఇంజిన్ కార్బన్ మోనాక్సైడ్‌ను ఎక్కువగా వదులుతుంది. రంగూ వాసనా లేని ఈ విషవాయువు, మూసిన గ్యారేజీలో నిమిషాల్లో ప్రాణం తీయగలదు. షట్టరు సగం తెరిచామన్న ధీమా పనికిరాదు. స్టార్టవగానే కారును బయటికి తేవాలి. నిలబెట్టి పది నిమిషాలు కాచనక్కర్లేదు కూడా. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌కు అర నిమిషం చాలు. మిగతా వేడి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే అదే వస్తుంది.