చేతులు మారిన చెరువు పటములు

హైటెక్ సిటీకి ఉత్తరమున ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అను సముద్ర సమాచార కేంద్రము కలదు. 1999లో వెలసిన ఈ సంస్థ, ఉపగ్రహములు కనిపెట్టిన నీటి వేడిమిని, రంగును బట్టి, చేపలు దొరకగల తావులను తీరమునందలి జాలరులకు తెలుపుచున్నది. రేవునుండి దిక్కు, దూరము, అచటి లోతు, అక్షాంశము, రేఖాంశము: సూచనలో ఉండునవి ఇవే. ఈ అంకెలను ఏ కంపెనీ జీపీఎస్ యంత్రములోనైనను ఎక్కించుకొనవచ్చును.

చెరువుల లోతు పటములకు ఈ సౌలభ్యము అన్నివేళల లేదు. అమెరికాలో గాలమువేయువారు ప్రతిధ్వనితో లోతు కొలుచు యంత్రములను వాడుదురు. వానిలో పెట్టు పటముల కార్డులను వేరుగా కొందురు. 2017లో యంత్రములు చేయు గార్మిన్, పటములు చేయు నావియోనిక్స్‌ను కొన్నది. 2021లో బ్రన్స్‌విక్ కంపెనీ నావికోను కొనగా, లోరన్స్ యంత్రములును సీ-మ్యాప్ పటములును దాని వశమైనవి. పోటీ కంపెనీవారి కొత్త యంత్రము తమ కార్డును చదువవలెనా, వలదా అన్నది ఇక కొత్త యజమానుల చిత్తము. చెరువు లోతు మారకున్నను, డబ్బిచ్చి కొన్న పటము పనికిరాకపోవచ్చును.

కావున యంత్రమును మార్చదలచినవారికి మేము చెప్పునది ఇది. మీ వద్దనున్న కార్డును కొత్త యంత్రము చదువునో లేదో ముందే విచారింపుడు. ఏండ్ల తరబడి గుర్తుపెట్టిన తావులను, అనేక యంత్రములు గ్రహించు జీపీఎక్స్ రూపమున భద్రపరచుకొనుడు. అక్షాంశ రేఖాంశములను నోటుపుస్తకమునను వ్రాసికొనుడు. కంపెనీ ఎవరి చేతికి పోయినను, ఆ అంకెలు మిమ్ము ఆ తావునకే చేర్చును.