ఎక్కిన రంగు దిగాలి

కరెంటు ఇస్తే నీలంగా మారే అద్దం చేయడం ఇప్పుడు పెద్ద విద్యేమీ కాదు. ఆ నీలాన్ని వేల సార్లు మచ్చ మిగలకుండా దించడమే అసలు పరీక్ష.

ఈ నీలానికి మూలమైన టంగ్‌స్టన్ ఆక్సైడ్ పసుపు పొడి. హైడ్రోజన్‌లో వేడిచేస్తే అది నీలమవుతుందని స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ 1815లోనే గమనించాడు. ఆ ఆక్సైడ్ పల్చటి పొరకి కరెంటుతో రంగు తెప్పించి లోకం దృష్టికి తెచ్చింది మాత్రం అమెరికన్ సైనమిడ్ కంపెనీ పరిశోధకుడు సత్యేన్ దేబ్, 1969లో.

కరెంటు ఇవ్వగానే పొరలోకి ఒకవైపు నుంచి ఎలక్ట్రాన్లు, మరోవైపు నుంచి లిథియం అయాన్లు చేరతాయి. ఎలక్ట్రాన్ ఒక టంగ్‌స్టన్ పరమాణువు నుంచి పక్కదానికి దూకుతూ ఎరుపునీ పరారుణాన్నీ మింగేస్తుంది. మనకి నీలం మిగులుతుంది. కరెంటు దిశ మారిస్తే రెండూ వెనక్కి వెళ్లిపోతాయి, పొర తేటపడుతుంది. పొరలోని రేణువులు నానోమీటర్లలో ఉండి, మధ్య ఖాళీలుంటే అయాన్ నడవాల్సిన దూరం తగ్గుతుంది, రంగు త్వరగా మారుతుంది.

తయారీకి ఒక దారి ఇది. టంగ్‌స్టన్ లోహపు పొడిని హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో కరిగిస్తారు. ఆ ద్రావణాన్ని కరెంటు పారే పూత ఉన్న గాజుపలక మీద వేసి, గిరగిరా తిప్పి పల్చగా పరిచి, కాలుస్తారు. ఈ కాల్చడంలోనే కిటుకంతా ఉంది. వేడి తక్కువైతే పొర చురుగ్గా రంగు మారుస్తుంది గానీ త్వరగా అరిగిపోతుంది. ఎక్కువైతే స్ఫటికాలు గట్టిపడి మన్నుతాయి గానీ మందకొడిగా పనిచేస్తాయి.

పరీక్షలో ఆ పలకని లిథియం లవణం కలిపిన ద్రావణంలో ముంచుతారు. ఎదురుగా ప్లాటినం తీగ, పక్కన వోల్టేజీని కొలవడానికి ఆధారంగా మరో ఎలక్ట్రోడు. వోల్టేజీని మెల్లగా పెంచుతూ తగ్గిస్తూ, పలక గుండా ఎంత వెలుతురు వస్తోందో కొలుస్తారు. ఒక చదరపు సెంటీమీటరుకి ఎంత విద్యుదావేశం ఖర్చయితే ఎంత రంగు వచ్చిందన్నదే పొర సామర్థ్యానికి కొలమానం. తర్వాత అదే పని వేల సార్లు.

అక్కడే చాలా పొరలు దెబ్బతింటాయి. లోపలికి వెళ్లిన అయాన్లలో కొన్ని తిరిగి రావు, నీలం కొంత అక్కడే ఉండిపోతుంది. 2015లో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ పరిశోధకులు అలా చతికిలపడిన పొరలోకి స్థిరమైన చిన్న కరెంటును ఎదురుదిశలో పంపారు. చిక్కుకున్న అయాన్లు బయటపడ్డాయి. పొర మునుపటిలా పనిచేసింది. ఇలాంటి అద్దంతో ఏళ్ల తరబడి గోడలో ఉండాల్సిన కిటికీకి ఇది మంచి భరోసా. అయితే ఈ చికిత్సని అద్దం ఊడదీయకుండా, ఉన్నచోటే చేయగలగాలి.