పెంపుడు కుక్కను రోడ్డుపై వదిలేస్తున్నారా? షెల్టర్‌లో దాన్ని మళ్లీ మామూలు చేయడానికి ఎంత కష్టపడతారంటే..

ముద్దుగా ఉందని తెచ్చుకుంటారు. ఇల్లు మారినా, దానికి జబ్బు చేసినా రోడ్డుపై వదిలేస్తారు. వీధిలో పుట్టిన కుక్కకు తిండి ఎక్కడ దొరుకుతుందో తెలుసు.. ఇంట్లో పెరిగిన ల్యాబ్రడార్‌కు తెలియదు. హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన బ్లూక్రాస్ లాంటి సంస్థల అవసరం ఇక్కడే పడుతుంది.

షెల్టర్‌కు రాగానే కుక్కను మిగతావాటితో కలపరు. పార్వో, డిస్టెంపర్ వైరస్‌లు అంటకుండా కొన్నాళ్లు విడిగా ఉంచుతారు. పిడుదులు తీసి, నులిపురుగుల మందు, ర్యాబిస్ టీకా వేస్తారు. బక్కచిక్కిన కుక్కకు ఒకేసారి కడుపునిండా పెడితే ప్రాణానికే ప్రమాదం. అందుకే కొంచెం కొంచెంగా పెడతారు.

అసలు కష్టం భయం పోగొట్టడమే. మూలన నక్కిన కుక్కను బలవంతంగా పట్టుకోరు. రోజూ ఒకే మనిషి, ఒకే టైమ్‌కి గిన్నె పెట్టి పక్కన కూర్చుంటారు. దానంతట అదే దగ్గరకు రావాలి. దత్తత తీసుకున్నాక కూడా ఓపిక పట్టాల్సిందే. బెరుకు తగ్గడానికి 3 రోజులు, ఇల్లు అలవాటవడానికి 3 వారాలు, పూర్తిగా నమ్మడానికి 3 నెలలు అన్నది షెల్టర్లు చెప్పే లెక్క.

పెంపుడు జంతువును ఆకలికి వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. కానీ అందులో తొలి తప్పుకు జరిమానా రూ.10 నుంచి రూ.50 మాత్రమే! పెంచలేకపోతే రోడ్డుపై వదలొద్దు.. ముందే షెల్టర్‌తో మాట్లాడండి.