పాడి కొట్టములో కొత్త పనివాడు – మొదటి మాసములో నేర్వవలసిన పనులు

అనంతపురము మెట్టసీమలో సేద్యము చేయు మీకు వాన సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పడమటి కనుమల చాటున ఉండుటచేత నైఋతి ఋతుపవనము ఇచ్చటికి వచ్చుసరికి బలము తగ్గును. తూర్పు తీరమునకు దూరమగుటచేత ఈశాన్య ఋతుపవనమును అంతంతమాత్రమే. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియును. అదియైనను అదనుకు పడునను నమ్మకము లేదు. వేరుశనగ ఎండిపోయిన యేడు ఇంటికి చేతి డబ్బు తెచ్చునది పాడియే. కనుక ఈ సీమలో ఒక పాడి ఆవు చెడుట యనగా ఒక పంట పోయినంత నష్టము.

నాలుగైదు సంకరజాతి ఆవులను కట్టుకొన్న రైతు తానొక్కడే అన్ని పనులను చేసికొనలేక సహాయమునకు ఒక మనిషిని పెట్టుకొనును. వాన తప్పిన యేడు బెంగుళూరు వైపు వలసపోవు యువకులలో పాడి క్షేత్రముల పని పట్టువారును ఉందురు. మీరు పనివానిని పెట్టుకొన్నవారైనను, మీ యింటి పిల్లవాడే పనికి పోవుచున్నను, మొదటి మాసములో నేర్వవలసినది ఒక్కటే. కొత్త పనివాడు పేడ ఎత్తుటకు, గడ్డి వేయుటకు మాత్రమే వచ్చినవాడు కాడు. పగలు రాత్రి పశువుల దగ్గర మసలువాడు అతడే గనుక, వాటికి కలిగిన మార్పును అందరికంటె ముందు చూడవలసినవాడును అతడే. చూచినదానిని వెంటనే చెప్పుట అతని మొదటి విధి.

ఉదయపు చూపు

తెల్లవారుజామున కొట్టములోనికి పోగానే పని మొదలుపెట్టక, ముందు ప్రతి పశువు ఎదుట ఒక్క నిమిషము నిలువవలెను. ఈ క్రింది విషయములను చూడవలెను.

రాత్రి వేసిన మేత గాడిలో మిగిలియున్నదా? ఆవు నెమరు వేయుచున్నదా? ముట్టె తేమగా ఉన్నదా, ఎండిపోయినదా? పేడ మరీ పలుచగా గాని, గట్టిపడి గాని ఉన్నదా? నాలుగు కాళ్లమీద సమముగా నిలుచున్నదా, ఒక కాలు ఎత్తి పట్టుచున్నదా? నోట చొంగ కారుచున్నదా? మేత మానిన పశువుకు జ్వరము చూడవలెను. ఆరోగ్యముగా ఉన్న ఆవు వేడి 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీటు వరకు ఉండును. అంతకు మించినచో పశువైద్యునికి కబురు పంపవలెను.

ఎదను కనిపెట్టుట కూడ ఈ వేళలోనే. ఎదకు వచ్చిన ఆవు అరచును, తోక ఎత్తును, తెల్లని తీగవంటి జిగురు వేయును, ఇతర పశువులు తనపై ఎక్కుచుండగా కదలక నిలుచును. ఉదయము ఎద కనబడినచో సాయంత్రము, సాయంత్రము కనబడినచో మరునాటి ఉదయము సూది వేయించుట మంచిది. ఒక ఎద తప్పినచో మరల 21 దినములు ఆగవలెను. ఆ 21 దినముల మేత ఖర్చు రైతు మీద పడును. ఈత అంత ఆలస్యమగును. ఎదను చూచి వెంటనే చెప్పిన పనివాడు యజమానికి మూడు వారముల మేతను మిగిల్చినవాడగును.

పాలు పిదుకుట

పాలు పిదుకువాడు గోళ్లు కత్తిరించుకొని, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. పొదుగును శుభ్రమైన నీటితో కడిగి, పొడిగుడ్డతో తుడువవలెను. తడి పొదుగుతో పిదికినచో మురికి నీరు పాలలోనికి దిగును. ఒకే గుడ్డతో అన్ని ఆవులను తుడుచుట ఒక ఆవు రోగమును మిగిలినవానికి పంచిపెట్టుటయే.

ప్రతి చన్ను నుండి మొదటి రెండు మూడు ధారలను నల్లని గుడ్డ కట్టిన గిన్నెలోనికి పిండి చూడవలెను. పాలు విరిగినట్లు తునకలు కనబడినను, నీళ్లవలె ఉన్నను, నెత్తురు జీర ఉన్నను పొదుగువాపు మొదలైనదని తెలియవలెను. ఈ ధారలను నేలమీద పిండరాదు. నేల మీది నుండి రోగక్రిములు పడుకొన్న ఆవుల పొదుగులకు అంటును. పొదుగువాపును మొదటిరోజున గుర్తించిన చికిత్సతో నయమగును. వారము ఆలస్యమైనచో ఆ చన్ను శాశ్వతముగా పోవచ్చును. అట్టి ఆవును అన్నిటికంటె చివర పిదుకవలెను.

పొదుగు కడిగి, తాకిన కొద్ది సేపటికి ఆవు చేపును. చేపిన పాలు అయిదు నుండి ఏడు నిమిషములలో పిదికి ముగించవలెను. ఆ సమయము దాటిన తరువాత పొదుగులో పాలున్నను దిగిరావు. ఆ వేళ అరచుట, కొట్టుట, కుక్కలను తెచ్చుట కూడదు. బెదరిన ఆవు చేపదు. బొటనవ్రేలు మడచి పిదుకు అలవాటు మన గ్రామములలో ఎక్కువ. దానివలన చన్ను లోపల గాయపడును. నాలుగు వ్రేళ్లు, అరచేయి కలిపి పిడికిలి పట్టుతో పిదుకుట నేర్వవలెను. మొదటి వారము చేతులు నొప్పిపెట్టును, పిమ్మట అలవాటగును.

పిదికిన తరువాత చన్నులను పశువైద్యుడు చెప్పిన క్రిమినాశక ద్రవములో ముంచవలెను. చన్ను రంధ్రము మూసికొనుటకు కొంతసేపు పట్టును. అంతవరకు ఆవు పడుకొనకుండ గాడిలో మేత వేసి నిలబెట్టవలెను. సూదిమందు వేసిన ఆవు పాలను పశువైద్యుడు చెప్పినన్ని రోజులు కేంద్రమునకు పోయకూడదు.

మేతలో రెండు ప్రమాదములు

మన సీమలో పనికి వచ్చినవాడు తప్పక తెలిసికొనవలసిన ప్రమాదములు రెండు కలవు. రెండును కరవుతోనే వచ్చును.

మొదటిది జొన్న నాము. వానలేక గిడసబారిన లేత జొన్నలోను, కోసిన మొదళ్ల నుండి తిరిగి చిగిర్చిన పిలకలలోను ఒక విషపదార్థము చేరును. పశువు దానిని తినగానే కడుపులో అది హైడ్రోసయానిక్ ఆమ్లముగా మారును. పశువు రొప్పును, తూలును, పడి కొట్టుకొనును. కొద్ది నిమిషములలోనే ప్రాణము పోవచ్చును. ఎండిన చేనిని చూచి, పంట ఎటులను పోయినది, పశువులైన తిననిమ్మని తోలుట సహజమే. కాని ఆ చేనే పశువును చంపును. పూత దశకు రాని ఎండుముఖపు జొన్నలోనికి పశువులను వదలరాదు. పూత వచ్చిన జొన్నను, బాగుగా ఎండిన చొప్పను మేపవచ్చును. నాము తిన్న పశువుకు మందు కలదు. అయితే అది పశువైద్యుడు నరమునకు ఎక్కించవలసినది. కనుక ఒక్క నిమిషము జాగు చేయక కబురు చేయవలెను.

రెండవది బూజు పట్టిన వేరుశనగ చెక్క. కాయ ఊరు దశలో బెట్ట తగిలిన పంటకు, ఆరబెట్టక రాశిపోసిన కాయకు ఆస్పర్జిల్లస్ అను బూజు పట్టును. దాని నుండి అఫ్లాటాక్సిన్ అను విషము పుట్టును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు కారణము తెలియని రోగముతో చచ్చెను. బ్రెజిలు నుండి వచ్చిన వేరుశనగ పిండిని మేపుటయే కారణమని పరిశోధనలో తేలెను. ఈ విషము ప్రపంచమునకు తెలిసినది అప్పుడే. పాడి ఆవు ఈ చెక్కను తిన్నచో కాలేయము చెడును, పాలు తగ్గును. విషములో కొంత ఒక దినములోనే పాలలోనికి దిగును. పాలను కాచినను అది పోదు. మన దేశపు ఆహార ప్రమాణముల ప్రకారము కిలో పాలలో ఇది అర మైక్రోగ్రామును మించరాదు. ఆ పాలను ముందు త్రాగువారు మీ యింటి పిల్లలే యని మరువరాదు.

కనుక చెక్క బస్తాలను నేలమీద గాక చెక్కబల్లల మీద, గోడకు దూరముగా పేర్చవలెను. బస్తా విప్పినపుడు ముక్కవాసన వచ్చినను, పచ్చని బూడిదవంటి బూజు కనబడినను ఆ బస్తాను ప్రక్కన పెట్టి యజమానికి చూపవలెను. పారవేయుటకు చేయి రాక మంచి దాణాలో కొంచెము కొంచెముగా కలిపి మేపు అలవాటు కొందరికి కలదు. అది మంచి దాణాను కూడ చెరచును. తడిసి నల్లబడిన వేరుశనగ కట్టెను గూర్చియు ఇదే జాగ్రత్త.

నీరు, నీడ

పాలలో నూటికి 87 పాళ్లు నీరే. నీరు తగ్గినచో ఎంత దాణా పెట్టినను పాలు పెరుగవు. పాలిచ్చు సంకరజాతి ఆవుకు వేసవిలో రోజుకు 80 లీటర్లకు పైగా నీరు పట్టవచ్చును. నీరు దూరము నుండి మోయవలసిన ఊళ్లలో రోజుకు రెండుసార్లు మాత్రమే త్రాగించుట ఆచారము. వీలైనంతవరకు తొట్టిలో నీరు ఎల్లప్పుడును ఉండవలెను. తొట్టికి నీడ కల్పించి, వారమునకొకసారి పాచి కడిగి సున్నము పూయవలెను. నడివేసవి మధ్యాహ్నము ఆవు నోరు తెరచి రొప్పుచున్నచో ఒంటిపై నీరు చల్లి, గాలి తగులు చోట కట్టవలెను. మేతలో ఎక్కువ భాగమును తెల్లవారకముందు, ప్రొద్దుగూకిన తరువాత వేయవలెను.

దూడ

దూడ పుట్టగానే ముక్కు, నోటి జిగురు తుడిచి, బొడ్డుకు అయొడిను పూయవలెను. మొదటి గంటలోనే ముర్రుపాలు త్రాగింపవలెను. మావి పడినదాక ముర్రుపాలు పట్టరాదను నమ్మకము తప్పు. రోగములను ఎదుర్కొను శక్తి దూడకు ముర్రుపాల ద్వారానే వచ్చును. గంటలు గడచినకొద్ది ఆ శక్తిని గ్రహించు గుణము దూడ ప్రేగులలో తగ్గిపోవును. మొదటి దినమున దూడ బరువులో పదవవంతు ముర్రుపాలు పట్టవలెను.

పనివాని క్షేమము

పశువుల రోగములలో కొన్ని మనిషికి అంటును. ఈచుకొనిపోయిన ఆవు పిండమును, మావిని వట్టి చేతులతో ఎత్తరాదు. బ్రూసెల్లోసిస్ అను రోగము ఆ విధముగనే మనిషికి సోకి, మాసముల తరబడి వచ్చిపోవు జ్వరమును, కీళ్ల నొప్పులను కలిగించును. చేతులకు తొడుగులు వేసికొని, వాటిని లోతుగా గోయిలో సున్నముతో పూడ్చవలెను. పచ్చిపాలు త్రాగరాదు. కొట్టములో పనిచేయువానికి జ్వరము విడువనిచో వైద్యునితో తాను పశువుల దగ్గర పనిచేయు సంగతి తప్పక చెప్పవలెను.

యజమానికి రెండు మాటలు

పనివాడు చూచినది చెప్పవలెనన్నచో, చెప్పినవానిని కసరుకొనరాదు. పాలు తగ్గినవని చెప్పినపుడు తిట్టు తిన్నవాడు మరునాడు చెప్పడు. నీళ్లు కలిపి లెక్క సరిచేయును. కూలి ఎంతయో, సెలవు ఎన్నాళ్లకో, భోజన వసతి ఏమో మొదటనే తేల్చి, నాటి కూలి నాటికి, నెల కూలి నెలకు ఇయ్యవలెను. పాలు తెల్లవారుజామున, సాయంత్రము రెండు వేళల పని గనుక పగటిపూట అతనికి విశ్రాంతి కావలెను.

కొట్టము గోడకు ఒక నోటు పుస్తకము వ్రేలాడదీయుడు. ఏ ఆవు ఎన్ని లీటర్లు ఇచ్చినది, ఏనాడు ఎదకు వచ్చినది, ఏనాడు సూది వేయించినది, గాలికుంటు, గొంతువాపు టీకాలు ఎప్పుడు వేయించినది అందులో వ్రాయవలెను. పనివానికి వ్రాత రానిచో మీ బడిపిల్లలు వ్రాయవచ్చును. దానితోపాటు అతనికి అంకెలు నేర్పవచ్చును. 2019 నుండి గ్రామ సచివాలయములలో పశు సంవర్ధక సహాయకులు నియమింపబడిరి. మీ గ్రామపు సహాయకుని పనివానికి పరిచయము చేయుడు. అత్యవసరమైనపుడు సంచార పశువైద్య వాహనమునకై 1962 అను సంఖ్యకు ఫోను చేయవచ్చునని అతనికి నేర్పుడు. యజమాని ఊరిలో లేని రోజున పశువు ప్రాణము అతని చేతిలోనే ఉండును.

వాన మన చేతిలో లేదు. గాడిలో వేయు మేత, తొట్టిలోని నీరు, పొదుగును తాకు చేయి మన చేతిలో ఉన్నవి. ఆ చేయి పనివానిదైనపుడు అతనికి మొదటి మాసములోనే పని నేర్పి, అతని మాటకు విలువనిచ్చినచో, కరవు ఏట కూడ కొట్టము నిలుచును.