మృత పక్షుల కంటిలో కణజాల మార్పులు

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో విత్తే కాలంలో మొక్కజొన్న చేలలో నెమలి చచ్చి పడివుంటే తొలి అనుమానం విషపు గింజల మీదికి, ఆ వెంటనే రైతు మీదికి పోతుంది. కన్ను తెల్లబడి లోతుకు పోవడాన్ని విషప్రయోగానికి గుర్తుగా చూపడం వాడుకలో ఉన్న పొరపాటు. ఏ కారణంతో మరణించిన పక్షిలోనైనా ఈ మార్పులు వస్తాయి.

సజీవ నేత్రంలో కార్నియా లోపలి పొర నీటిని నిరంతరం బయటకు తోడుతూ దానిని పారదర్శకంగా ఉంచుతుంది. మరణంతో ఈ పని ఆగి, కార్నియా నీరు పీల్చుకొని ఉబ్బి మసకబారుతుంది. కంటి లోపలి పీడనం తగ్గి గుడ్డు మెత్తబడుతుంది. అయితే పక్షులలో దృఢస్తరానికి చిన్న ఎముక పలకల వలయం ఆధారంగా ఉన్నందున ముందుభాగపు ఆకారం కొంతకాలం నిలుస్తుంది. పైకి బాగున్న కన్ను లోపల అప్పటికే చెడి ఉండవచ్చు.

త్వరగా చెడేది రెటీనా. పక్షుల రెటీనాలో రక్తనాళాలు ఉండవు. వెనుకనున్న రక్తపటలం, కంటి లోపలి ద్రవంలోకి దువ్వెనవలె చొచ్చుకొని ఉండే పెక్టెన్ దానికి పోషణనిస్తాయి. రక్తప్రసరణ ఆగిన కొద్ది గంటలలోనే కాంతిగ్రాహక కణాలు తమ ఎంజైముల చేతనే విచ్ఛిన్నమై, రెటీనా వెనుక పొర నుండి విడివడుతుంది. వేసవి ఎండలో ఇది మరింత వేగవంతం. వాపు కణాలు, రక్తస్రావం కానరానప్పుడు దీనిని వ్యాధిగా నమోదు చేయరాదు.

కంటిపాప పరిమాణమూ నమ్మదగినది కాదు. పక్షుల కనుపాప కండరం చారల కండరం. క్షీరదాల పాఠాన్ని దీనికి అన్వయించడం విద్యార్థులు తరచుగా చేసే తప్పు.

ఆర్గానోఫాస్ఫేట్ విషానికి సరైన సాక్ష్యం మెదడులోని కోలినెస్టరేజ్. అదే జాతి ఆరోగ్యవంతమైన పక్షితో పోల్చినప్పుడు ఇది 50 శాతానికి మించి తగ్గివుంటే విషమరణంగా భావిస్తారు. కార్బోఫ్యూరాన్ వంటి కార్బమేట్ల విషయంలో వేడికి ఎంజైము తిరిగి కోలుకొని ఫలితం తప్పుదారి పట్టించవచ్చు.

బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట రాబందుల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. పశువైద్యంలో 2006లో నిషేధించిన డైక్లోఫెనాక్ జాడ కంటిలో కాదు, మూత్రపిండాలలోను, అవయవాలపై సున్నంవలె పేరుకొనే యూరిక్ ఆమ్లంలోను వెదకాలి. నీటితో కలిపిన ఫార్మలిన్‌లో ఆ స్ఫటికాలు కరిగిపోతాయి కనుక ఒక ముక్కను ఆల్కహాల్‌లో ఉంచాలి.

నెమలి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోనిది. కళేబరాన్ని కదపక ముందే అటవీ శాఖకు తెలపాలి. శవపరీక్షలో పశువైద్యుడు ఒక కంటిని వెంటనే తీసి స్థిరీకరణ ద్రావణంలో వేయాలి. గడ్డకట్టిస్తే మంచు స్ఫటికాలు రెటీనాను చీల్చివేస్తాయి. మెదడును మాత్రం గడ్డకట్టించే పంపాలి.