ఆవిడ మాట నమ్మవచ్చునా?

నవల చదివేటప్పుడు కథ చెప్పే మనిషిని మనం వూరికే నమ్మేస్తాం. ‘నేను చూశాను’ అంటే చూసిందనే అనుకుంటాం. ఆ నమ్మకం మీదనే నడిచే నవలలు కొన్ని వున్నాయి. వాటిలో నేరం ఏ అడవిలోనో, గుహలోనో జరగదు. మొగుడూ పెళ్ళాల మధ్య, నాలుగు గోడల నడుమ దాని మూలం వుంటుంది. పౌలా హాకిన్స్ అనే రచయిత్రి ఇంగ్లీషులో రాసిన ‘ది గర్ల్ ఆన్ ది ట్రెయిన్’ అటువంటిది. 2015లో వచ్చింది. 2016లో హాలీవుడ్ వాళ్ళు, 2021లో హిందీ వాళ్ళు సినిమాగా కూడా తీశారు. ఈ నవల సంగతి చెప్పాలంటే కథలో ఒక ముడి విప్పక తప్పదు. ముందే మనవి చేస్తున్నాను.

రేచెల్ రోజూ పొద్దున 8 గంటల 4 నిమిషాల రైల్లో లండన్ వెడుతుంది. ఆఫీసుకనుకుంటాం. తీరా చూస్తే ఉద్యోగం పోయి నెలలయింది. తనకు చోటిచ్చిన స్నేహితురాలికి తెలియకూడదని ఆ ప్రయాణం! దారిలో రైలు ఆగినప్పుడల్లా ఒక ఇంట్లోని దంపతులను చూస్తుంది. వాళ్ళకు తనే పేర్లు పెట్టి, ఎంత అన్యోన్యంగా వున్నారో అని మురిసిపోతుంది. ఆ వీధిలోనే తను కాపురం చేసిన ఇల్లుంది. ఇప్పుడందులో ఆవిడ మాజీ భర్త టామ్, అతని రెండో భార్య ఆనా, పసిపాప వుంటున్నారు.

ఒక శనివారం రాత్రి, రైల్లోంచి చూసిన ఆ ఇల్లాలు మేగన్ కనిపించకుండా పోతుంది. అదే రాత్రి రేచెల్ తాగి ఆ వీధికి వెళ్ళింది. తెల్లారి లేస్తే తలకు గాయం. ఏం జరిగిందో ఒక్క ముక్క గుర్తు లేదు. ఇక ఆవిడ సాక్ష్యం ఎవరు నమ్ముతారు చెప్పండి?

రచయిత్రి ఈ కథను రేచెల్, మేగన్, ఆనా ముగ్గురిచేతా చెప్పించింది. ముగ్గురి మాటా పూర్తిగా నమ్మదగింది కాదు. కాని ఎవరి కారణం వాళ్ళది. మేగన్ తన గతం దాస్తుంది. ఆనా తనకు ఇష్టంలేనిది చూడదు. రేచెల్ మరిచిపోతుంది, అవసరమైతే అబద్ధమూ ఆడుతుంది.

అసలు కిటుకు మరొకటి వుంది. రేచెల్ మరిచిపోయిన సంగతులు ఆవిడకు చెప్పిందెవరు? భర్త. ‘రాత్రి నువ్వు గోల్ఫు కర్ర పట్టుకుని నా మీదికొచ్చావు’ అన్నాడు. గోడకు దెబ్బ కనిపిస్తూనే వుంది. ఆవిడ సిగ్గుతో కుంగిపోయింది. ఎంతో కాలానికి ఆ రాత్రి లీలగా గుర్తొస్తే, గుర్తొచ్చింది కోపం కాదు, భయం! కొట్టబోయిన మనిషికి భయమెందుకు? కర్ర ఎత్తింది తను కాదు, అతను. అంటే, ఆ విషయంలో రేచెల్ మనకు అబద్ధం చెప్పలేదు. తన గురించి ఇంకొకరు అల్లిన కథను తన జ్ఞాపకమే అనుకుంది.

ఇది కొత్త ఎత్తేమీ కాదు. 1938లో పాట్రిక్ హామిల్టన్ రాసిన ‘గ్యాస్ లైట్’ నాటకంలో భర్త, భార్యకు మతి చలిస్తోందని ఆవిడనే నమ్మించబోతాడు. తన మీద తనకే నమ్మకం పోయేలా చెయ్యడాన్ని ఇంగ్లీషులో ‘గ్యాస్‌లైటింగ్’ అంటున్నది ఆ పేరు మీదనే.

రేచెల్ తాగుడు మంచిదని రచయిత్రి ఎక్కడా అనదు. పిల్లలు లేరన్న దిగులు, చేయించుకున్న చికిత్స ఫలించకపోవడం ఆవిడను అటు నెట్టాయి. తాగుడు తెచ్చిన మరుపు నిజమే. ఆ మరుపును తనకు అనువుగా వాడుకున్న మనిషి వున్నాడన్నదీ నిజమే.

ఇలాంటి నవల చేతికొస్తే మూడు సంగతులు కనిపెట్టి వుండండి. చెప్పే మనిషి కళ్ళారా చూసిందా, ఎవరైనా చెబితే విన్నదా? ఆ మాట నమ్మితే లాభం ఎవరికి? మూడోది తారీఖులు. మేగన్ కథ రేచెల్ కథకు ఏడాది ముందు మొదలవుతుంది. తారీఖు చూడకుండా పేజీ తిప్పారంటే తికమకే.

పుస్తకం మూశాక కూడా మొదటి రెండు ప్రశ్నలు పనికొస్తాయి. ‘ఆవిడకేం తెలుసు, అన్నీ మరిచిపోతుంది’ అని ఇరుగుపొరుగు ఎవరినైనా తీసిపారేసే ముందు, ఆ మాట మొదట పుట్టించిందెవరో ఒక్కసారి ఆలోచించండి. వీలైతే, ఆవిడ దగ్గర కూర్చుని ఆవిడకు గుర్తున్నదేమిటో అడగండి.