విహార నౌకలు - ఆరోగ్య పరీక్షలు

ఓడ రేవు చేరినంత మాత్రమున ప్రయాణికులు ఒడ్డుకు దిగుట పూర్వము సాధ్యమయ్యెడిది కాదు. మహమ్మారి భయము గల దినములలో ఐరోపా రేవులవారు దూరదేశపు నావలను ఎడముగా నిలిపియుంచెడివారు. నేడు దుబ్రోవ్నిక్ అని పిలువబడు రగూసా నగరము 1377లో ముప్పది దినముల గడువు విధించెను. తరువాత అది నలువది దినములైనది. ఇటాలియన్ భాషలో నలువదికి గల పేరునుండియే 'క్వారంటైన్' అను మాట పుట్టినది. ఆనాడు వేరు పరీక్ష లేదు. గడచు కాలమే పరీక్ష.

మన కాలమున పరీక్షలు కలవు. అయినను పాత చిక్కు తీరలేదని ఒక ఓడ చూపినది. 2020 ఫిబ్రవరి 3వ తేదీన డైమండ్ ప్రిన్సెస్ అను విహార నౌక జపానులోని యొకోహామా చేరెను. అందు 3,711 మంది ఉండిరి. వారిలో మన దేశీయులును కలరు. వారు అధికముగా ఓడ సిబ్బందియే. ప్రయాణికులను 14 దినములు గదులలో ఉంచిరి. సిబ్బంది మాత్రము వంట చేయుచు, భోజనములు అందించుచు తిరుగవలసి వచ్చెను. కడకు 712 మందికి కోవిడ్ సోకినట్లు తేలెను. వారిలో దాదాపు సగము మందికి పరీక్షనాటికి ఏ లక్షణమును లేదు. వ్యాధి లేదని తేలి దిగిపోయినవారిలో కొందరికి పిమ్మట వ్యాధి బయటపడెను.

ఇది ఎట్లు జరిగినది? వ్యాధిబీజము దేహమున ప్రవేశించిన వెంటనే పరీక్షకు చిక్కదు. అది వృద్ధి పొందుటకు కొన్ని దినములు పట్టును. కావున పరీక్షాపత్రము ఆ క్షణమునకు తీసిన ఛాయాచిత్రము వంటిది. రేపటికి పూచీ కాదు.

ఈ సంగతి తెలిసినకొలది నిబంధనలు మారినవి. అమెరికా ప్రభుత్వపు వ్యాధి నివారణ సంస్థయైన సి.డి.సి. 2020 మార్చి 14న ఆ దేశపు జలములలో విహార నౌకల యాత్రలను నిలిపివేసెను. అక్టోబరు 30న షరతులు ప్రకటించెను: ఓడలోనే పరీక్షా సౌకర్యము ఉండవలెను; సిబ్బందిని తరచు పరీక్షింపవలెను; ముందుగా స్వచ్ఛందముగా వచ్చినవారితో ప్రయోగయాత్ర జరుపవలెను. టీకాలు వచ్చిన పిమ్మట, 2021లో, సిబ్బందిలో నూటికి 98 మందియు ప్రయాణికులలో నూటికి 95 మందియు టీకా పొందినచో ప్రయోగయాత్ర అక్కరలేదనిరి. 2022 జనవరిలో ఆ ఉత్తరువు ముగిసి, ఐచ్ఛిక కార్యక్రమము వచ్చెను. జూలై 18న అదియు ముగిసెను. నౌకా కంపెనీలు తమ పరీక్షలను క్రమముగా సడలించినవి.

నిన్న తప్పనిసరియైనది నేడు అక్కరలేకపోవుట వింతగా తోచవచ్చును. రోగతీవ్రతను బట్టి వైద్యుడు మందు మార్చును గదా! టీకాలవలనను, వ్యాధి వచ్చిపోవుటవలనను జనులకు కొంత రక్షణ కలిగినది. దానిని బట్టియే నియమము సడలినది.

కాని ఓడ స్వభావము మారలేదు. అవే ఇరుకు దారులు, అదే ఉమ్మడి భోజనశాల. యాత్ర ముగియగానే ప్రయాణికుడు ఇల్లు చేరును. సిబ్బంది తరువాతి యాత్రికుల సేవకై ఓడలోనే నిలుచును. జ్వరమును దాచి ఓడనెక్కువాడు తన సొమ్ము దక్కించుకొనవచ్చును గాని, దాని వెల చెల్లించువారు వేరొకరు. అడుగువారు లేనినాడును నిజము చెప్పుట ప్రయాణికుని విధి.